నాటకంలో దొంగ మాట

కిందటేడు మా బడి వార్షికోత్సవంలో వేసిన నాటకం నేనే రాశాను. కథ పెద్దదేమీ కాదు. ఒక ఊరు, ఊరికొక చెరువు. ఆ చెరువు మన్ను రాత్రిళ్ళు ట్రాక్టర్లతో తోలుకుపోయే ఒక దొంగ. పట్నంలో చదువుకుని వచ్చి వాణ్ణి ఎదిరించే ఒక యువకుడు. చివర్లో ఊరంతా ఒకటై దొంగను తరుముతుంది. ఇరవై నిమిషాల నాటకం. చప్పట్లు బాగానే పడ్డాయి. దొంగ వేషం వేసిన మా తరగతి అబ్బాయికి అందరికన్నా ఎక్కువ పడ్డాయి. వాడు నోరు తెరిస్తే చాలు, జనం నవ్వారు.

మా అవ్వ మూడో వరసలో కూర్చుని చూసింది. ఇంటికి నడిచి వస్తా ఉంటే అడిగింది: "ఏమే, అంత మందిలో ఆ దొంగోడొక్కడేనా మనోడు?"

నాకు మొదట అర్థం కాలేదు. "అందరూ మనోళ్ళే కదవ్వా, మా క్లాసు పిల్లోళ్ళే" అన్నాను.

"అది కాదు. వాడొక్కడే మన మాట మాట్లాడె. మిగతావోళ్ళంతా సినిమావోళ్ళ మాదిరి మాట్లాడిరి" అంది.

ఆ రాత్రి నోటుబుక్కు తీసి చూసుకున్నాను. యువకుడు అడుగుతాడు: "ఎక్కడికి వెళ్తున్నావు?" దొంగ జవాబు: "యాడికి పోతే నీకేమిరా? నా ట్రాక్టరు, నేను పోతా ఉండాను." యువకుడి చెల్లెలు, కలెక్టరమ్మ, చివరికి బడి అయ్యవారు కూడా యువకుడి మాదిరే మాట్లాడతారు. దొంగ, వాడి వెనక తిరిగే తాగుబోతు, ఈ ఇద్దరే హోసూరు పల్లెల్లో మనుషులు మాట్లాడినట్టు మాట్లాడతారు. ఇలా రాయమని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఆలోచించి రాసిందీ కాదు. మంచివాడు అనుకోగానే చెయ్యి ఒక తెలుగు రాసింది, చెడ్డవాడు అనుకోగానే ఇంకో తెలుగు రాసింది. ఆ రెండో తెలుగు మా ఇంట్లోది.

ఈ వ్యాసం ఆ నోటుబుక్కు గురించే. సినిమాలు మన మీద ఎట్లా పనిచేస్తాయి అని అడిగితే అందరూ జుట్టు కత్తిరింపు గురించీ, సిగరెట్టు గురించీ, కొట్లాటల గురించీ చెప్తారు. అవన్నీ నిజమే. కానీ అవి బయటికి కనబడేవి, పెద్దవాళ్ళు చూసి తిట్టడానికి వీలున్నవి. నాటకంలో నేను చేసిన పని ఎవరికీ కనబడలేదు. అయ్యవార్లు కూడా తప్పు పట్టలేదు. అవ్వ ఒక్కతే కనిపెట్టింది.

ఆ మొదటి తెలుగు నాకెక్కడిది? మా ఇంట్లో "వెళ్తున్నాను" అనేవాళ్ళు లేరు. "పోతా ఉండాను" అనేదే ఉంది. సంతలో తమిళం, కన్నడం, మా తెలుగు కలిసే ఉంటాయి. బస్సు బోర్డు తమిళంలో ఉంటుంది, ఆఫీసు కాగితం తమిళంలో ఉంటుంది. విజయవాడలోనో కర్నూలులోనో పెరిగే పిల్లలకి తెలుగు పది దిక్కుల నుంచి చెవిన పడుతుంది. మాకు ఇల్లు దాటితే రెండే దిక్కులు: పాఠ్యపుస్తకం, సినిమా. పాఠ్యపుస్తకం తెలుగుతో ఎవరూ కొట్లాడుకోరు, ఎవరూ ప్రేమించుకోరు. కాబట్టి "సరైన తెలుగు నోటితో మాట్లాడితే ఇట్లా ఉంటుంది" అని మాకు నేర్పిన అయ్యవారు సినిమా ఒక్కటే. ఆంధ్రలో ఉన్నవాళ్ళ మీదకన్నా మా మీద దాని అధికారం ఎక్కువని నేను అనుకోవడానికి కారణం ఇదే.

మరి సినిమాకి ఆ తెలుగు ఎవరిచ్చారు? దీని వెనక ఒక వింత ఉంది. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ కాలంలో ఎక్కువగా పురాణాలే తీసేవారు, మాటలు నాటకాల పద్ధతిలో గ్రాంథికంగా ఉండేవి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసినప్పుడు మనుషులు మాట్లాడుకునే తెలుగు తెర మీదికి గట్టిగా వచ్చింది. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. తాపీవారు పుట్టింది బరంపురంలో. చదివింది పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి శిష్యుడిగా. ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆ గిడుగువారి పుట్టినరోజునే. బరంపురం, పర్లాకిమిడి రెండూ ఇప్పుడు ఒడిశాలో ఉన్నాయి. అంటే వాడుక తెలుగు కోసం కొట్లాడిన గురువు పాఠాలు చెప్పిన ఊరూ, దాన్ని సినిమాకి తెచ్చిన శిష్యుడు పుట్టిన ఊరూ ఈనాడు మన మాదిరే అంచు మీద ఉన్న ఊళ్ళు. మన బడి పత్రిక లాంటిదాన్ని బరంపురంలో చదివే పిల్లలుంటే వాళ్ళు కాలర్ ఎగరేసుకోవచ్చు.

కానీ తలుపు తెరుచుకున్నాక లోపలికి అందరి తెలుగూ రాలేదు. మద్రాసులో స్టూడియోలు పెట్టినవాళ్ళు, డబ్బు పెట్టినవాళ్ళు, మాటలు రాసినవాళ్ళు ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగే సినిమా తెలుగు అయింది. ఇందులో కుట్ర ఉందని నేను అనను. ఎవరైనా తమ నోట్లో ఉన్న మాటే రాస్తారు. పైగా ఆ తెలుగుతో వాళ్ళు అద్భుతాలు చేశారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు అసమదీయులు, తసమదీయులు, దుషట చతుషటయం అని మాటలే పుట్టించారు. మా తెలుగు అయ్యవారు వెనక బెంచీలో కూర్చునే నలుగురినీ ఇప్పటికీ దుషట చతుషటయం అనే పిలుస్తారు. వాళ్ళలో ఇద్దరు ఆ సినిమా చూడనే లేదు, అయినా ఆ బిరుదుకి గర్వపడతారు. అదే సినిమాను అప్పుడే తమిళంలో కూడా తీశారు. ఎస్.వి. రంగారావు రెండింటిలోనూ ఘటోత్కచుడే. ఒకే నోరు రెండు భాషల్లో అంత సొగసుగా మాట్లాడగలదని చూస్తే మా ఊరివాళ్ళకి ఆశ్చర్యం ఉండదు. మేము రోజూ సంతలో చేసే పనే అది.

ఇబ్బంది ఎక్కడ మొదలైందంటే, మిగతా తెలుగులు తెర మీదికి వచ్చినప్పుడు వేషం తగిలించుకుని వచ్చాయి. తెలంగాణ మాట చాలాకాలం విలన్‌కో హాస్యగాడికో దక్కింది. 1985 నాటి 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు మంత్రి కాశయ్య ఆ మాటతోనే భయపెట్టాడు. సీమ మాట ఫ్యాక్షనిస్టుకి దక్కింది. 'ప్రేమించుకుందాం రా' 1997లో వచ్చింది, 'సమరసింహారెడ్డి' 1999లో, 'ఇంద్ర' 2002లో. నేను పుట్టకముందు సినిమాలే అయినా టీవీలో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. వీటిలో మొదటి రెండింటిలో జయప్రకాశ్ రెడ్డి మాట్లాడుతుంటే చూడండి. ఆయన కర్నూలు జిల్లా మనిషి, సినిమాల్లోకి రాకముందు లెక్కల అయ్యవారు. ఆ మాట ఆయన సొంత మాట. అందుకే అంత గంభీరంగా, అంత నిజంగా ఉంటుంది. ఆ సినిమాల్లో అందరికన్నా బాగా తెలుగు మాట్లాడేది ఆయనే అని నేను ఒప్పుకుంటాను.

కానీ ఈ వరస సినిమాలు చాలావాటిలో హీరోది కూడా సీమే. అదే మట్టిలో పుట్టాడు, అదే ఎండలో తిరిగాడు. అయినా హీరో నోట సీమ మాట రాదు, వచ్చినా కోపం వచ్చినప్పుడే వస్తుంది. ప్రేమించేటప్పుడు, అమ్మతో మాట్లాడేటప్పుడు, న్యాయం చెప్పేటప్పుడు కోస్తా తెలుగే. ఒకే ఊళ్ళో పుట్టిన ఇద్దరికి రెండు తెలుగులు ఎట్లా వచ్చాయని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నా నాటకంలో యువకుడూ దొంగా ఒకే ఊరివాళ్ళు కదా! యువకుడు పట్నంలో చదివాడని సాకు చెప్పుకోవచ్చు. మరి ఊరు దాటని వాడి చెల్లెలి సంగతేమిటి?

తెలంగాణవాళ్ళు దీని మీద గట్టిగా మాట్లాడారు. రాష్ట్రం వచ్చాక మెల్లగా మార్పు కనబడింది. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా'లో కథానాయిక మొదటినుంచి చివరిదాకా తెలంగాణ మాటే మాట్లాడుతుంది. ఎవరికీ నవ్వులాట కాలేదు. నాకు ఇష్టమైన సంగతేమంటే, ఆ మాట మాట్లాడిన సాయిపల్లవి మన తమిళనాడు అమ్మాయి, నీలగిరి కొండల్లో కోటగిరిలో పుట్టింది. తన గొంతుతోనే ఆ తెలుగు నేర్చుకుని చెప్పింది. 2023లో 'బలగం' వచ్చింది. చావు ఇల్లు, కాకి ముట్టని పిండం, అన్నదమ్ముల అలక, అంతా ఊరి మాటలోనే. ఊళ్ళలో తెర కట్టుకుని మరీ ఆ సినిమా చూశారు. అయితే తెలంగాణకి తన థియేటర్లున్నాయి, టిక్కెట్టు కొనే జనం ఉన్నారు. హోసూరు తెలుగుకి ఎవరున్నారు? సినిమా వ్యాపారం లెక్కలో మేము ఎక్కడ వస్తామో నాకు తెలియదు. తమిళ థియేటరు లెక్కలో వస్తామేమో.

అందుకే 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చినప్పుడు మా పిల్లల సంబరం మామూలుది కాదు. సుకుమార్ కోనసీమ మనిషి. కానీ కథ శేషాచలం అడవుల్లోది, అందుకని హీరోకి చిత్తూరు మాట పెట్టాడు. చిత్తూరు జిల్లా కుప్పం మా కృష్ణగిరికి పక్కనే. హీరో "ఆడ", "ఈడ" అంటా ఉంటే మా వీధిలోవాడు తెరమీద నిలబడినట్టు ఉండింది. "తగ్గేదే లే" అని దేశమంతా గడ్డం కింద చెయ్యి రుద్దుకుంది. అందులో 'లే' సంగతి ఎవరైనా గమనించారా? 'లేదు' అనే చోట 'లే' అనడం. మా అవ్వ "డబ్బాలో ఉప్పు లే", "కొళాయిలో నీళ్ళు లే" అని పుట్టినప్పటినుంచీ అంటానే ఉంది. ఆ 'లే'ని తప్పని చిన్నప్పుడు నా నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో కొట్టేశారు. హీరో నోట వచ్చేసరికి అదే 'లే' చొక్కాల మీద అచ్చయింది.

కొన్నాళ్ళు నేను 'పుష్ప'ని మనసులో చాలా మెచ్చుకున్నాను. ఆ నటనకి అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, అది అందుకున్న మొదటి తెలుగు నటుడు అతనే. మన మాట మాట్లాడినందుకే వచ్చిందని మేము బడిలో చెప్పుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే నా మెప్పు సగం తగ్గింది.

మొదటి కారణం. మా తరగతి అబ్బాయిలు ఆ సినిమా చూశాక మా మాటను మాట్లాడటం మొదలుపెట్టారు, నిజమే. కానీ ఒక భుజం పైకెత్తి, కాలు ఈడ్చి, గొంతు బరువు చేసి మాట్లాడారు. అంటే ఆ మాట ఇంకా వేషంలోనే ఉంది. దొంగ వేషం పోయి దొంగ-హీరో వేషం వచ్చింది, అంతే. సంతలో వంకాయల ధర అడగడానికి ఆ మాట ఇంకా పనికిరాలేదు. వాళ్ళల్లో ఒకడు తన సొంత అవ్వ బడికి వచ్చి "యాడుండావురా" అని పిలిస్తే మొహం తిప్పుకున్నాడు. నేను కళ్ళారా చూశాను.

రెండో కారణం ఆ సినిమాలో అమ్మాయి. డబ్బిచ్చి ఆమె నవ్వును కొనే ఘట్టం ఉంది. థియేటర్లో ఈలలు పడ్డాయి. నా పక్కన కూర్చున్న మా చిన్నాయన కూతురు, నేను, ఇద్దరమూ ఈల వెయ్యలేదు, లేచి పోనూ లేదు. అక్కడ కథానాయిక మాట కూడా చిత్తూరు మాటే. కానీ ఆమెకి ఆ మాటతో చెయ్యడానికి పని ఏమిచ్చారు? హీరోకి సింహాసనం ఎక్కడానికి పనికొచ్చిన మాట ఆమెకి సిగ్గుపడటానికి మాత్రమే పనికొచ్చింది.

మూడోది చెప్పడం కొంచెం కష్టం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఆంధ్ర పోలీసుల కాల్పుల్లో ఎర్రచందనం కూలీలు 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడు మనుషులు, ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలవాళ్ళు. ధర్మపురి మా పక్క జిల్లా. ఒకప్పుడు మేమూ ఆ జిల్లాలోనే ఉండేవాళ్ళం. సినిమాలో కూలీగా మొదలైనవాడు మెడలో గొలుసులు వేసుకుని రాజైపోతాడు. సినిమా అన్నాక అట్లాగే ఉంటుందని మా చిన్నాయన అంటాడు. ఉండనీ. కానీ మా తరగతిలో సగం మందికి ఎర్రచందనం అంటే హీరో నడక గుర్తొస్తుంది, పక్క జిల్లా కూలీల చావు గుర్తురాదు. అప్పటికి మేము చాలా చిన్నవాళ్ళం, తెలియకపోవడంలో మా తప్పు లేదు. అయితే తెలియనిచోట సినిమా వచ్చి కూర్చుంది. 2024లో రెండో భాగం వచ్చినా ఆ కుర్చీ ఖాళీ కాలేదు.

ఇక నేను అందరూ చూడాలని కోరే సినిమా 'సినిమా బండి'. 2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె. వీరబాబు అనే ఆటో డ్రైవరుకి తన ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దాంతో సినిమా తీద్దామనుకుంటాడు. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే గణ కెమెరా పడతాడు. క్షౌరం చేసే మరిడేశ్ బాబు హీరో, కూరగాయలు అమ్మే మంగ హీరోయిన్. దీన్ని మా అయ్యవారు చెబితే ఫోనులో చూశాం, నేనూ అవ్వా, ఫోను చెంబుకి ఆనించి పెట్టి. మొదటి పది నిమిషాల్లో అవ్వ అడిగింది: "ఇది సినిమానేనా? ఎవరో మాట్లాడుకుంటా ఉండారే!" నా దృష్టిలో ఆ సినిమాకి ఇంతకన్నా మంచి సమీక్ష లేదు. అందులో సరిహద్దు మాట ఎవరినీ భయపెట్టదు, ఎవరినీ నవ్వించాలని చూడదు. బాకీ అడగడానికి, భార్యతో పోట్లాడటానికి, చొక్కా రంగు మారిపోయింది చూసుకోండని ఒక పిల్లోడు పెద్దవాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది.

అయితే ఆ సినిమాలో నన్ను పట్టుకున్నది మాట కన్నా ఇంకొకటి. కెమెరా చేతికి రాగానే వీరబాబు ఏం తీస్తాడు? కరెంటు సరిగా ఉండని తన ఊరిని తియ్యడు. ఆటోను తియ్యడు. కూరగాయల గంప ఎత్తుకుని తిరిగే మంగను మంగగా తియ్యడు. తాను చూసిన సినిమాల్లో ఉన్న హీరోనీ హీరోయిన్‌నీ ప్రేమనీ తీస్తాడు. క్షౌరం చేసేవాడు అద్దంలో చూసుకుని పెద్ద హీరో లాగా నిలబడతాడు. ప్రవీణ్ కండ్రేగుల వాళ్ళని ఎగతాళి చెయ్యకుండా ఈ సంగతి చూపించాడు. నాకు మాత్రం నవ్వుతూ నవ్వుతూ గొంతులో ఏదో అడ్డం పడింది. అతనికి కెమెరా, నాకు నోటుబుక్కు. ఇద్దరమూ చేసింది ఒకటే.

ఆ సినిమాలో లోపాలు లేవని కాదు. కెమెరా సొంతదారు పట్నం అమ్మాయి. పల్లెవాళ్ళు తీసినదానికి విలువ ఉందని చివరికి ఆమె వల్లే తేలాలి. ఎంత మంచి పల్లె సినిమా అయినా పట్నం వచ్చి మెచ్చుకుంటేగానీ కథ ముగియదు కాబోలు! నడుమ కాస్త సాగదీత కూడా ఉంది. అవ్వ ఒక చోట కునుకు తీసింది. ఆమెకి నచ్చినది మంగ. "ఆ పిల్లకి నోరుంది" అంది. 'పుష్ప'లో నాకు దొరకనిది ఆమెకి ఇక్కడ దొరికింది.

ఇదంతా చెబితే నా స్నేహితురాలు ఒక మాట అంది. "అందరికీ అర్థం కావాలంటే ఒకే తెలుగు ఉండాలి. శ్రీకాకుళం నుంచి హోసూరు దాకా ఎవరి మాట వాళ్ళు మాట్లాడితే సినిమా ఎవరు చూస్తారు?" ఇది కొట్టిపారేసే మాట కాదు. పత్రికకీ పాఠానికీ ఒక ఉమ్మడి తెలుగు కావాలి. నేను ఈ వ్యాసం దాదాపు ఆ తెలుగులోనే రాస్తున్నాను, లేకపోతే యానాంలో చదివేవాళ్ళకి ఇబ్బంది. కానీ అర్థం కాదనే భయానికి 'పుష్ప', 'బలగం' జవాబు చెప్పేశాయి. అందరూ చూశారు, అందరికీ అర్థమైంది. అర్థం కాకపోవడమే అసలు కారణమైతే విలన్ మాట ఇన్నేళ్ళూ ఎట్లా అర్థమైంది? దాన్ని విని కదా భయపడ్డాం, దాన్ని విని కదా నవ్వాం!

ఈ ఏడు అదే నాటకం మళ్ళీ వెయ్యమన్నారు. నేను మాటలు మార్చి రాస్తున్నాను. చెల్లెలికి మా ఇంటి మాట ఇచ్చాను. మొదటి రోజు రిహార్సల్లో ఆమె "అన్నా, చెరువులో నీళ్ళు లే, మన్ను కూడా లే, ఇంగేమి ఉండాది?" అని ఏడుస్తూ అంటే అందరూ పకపకా నవ్వారు. ఆ వేషం వేసే అమ్మాయి కూడా నవ్వేసింది. ఏడుపు చోట నవ్వు వచ్చేసరికి నాకు దిక్కు తోచలేదు. రెండో రోజు అవ్వను బడికి పిలుచుకుపోయాను. ఆమె ఆ వాక్యం ఒకసారి మామూలుగా అని చూపించింది, ఏడవకుండా, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు అట్లాగే చెబుతోంది.

యువకుడి మాటలు సగం మార్చాను. పట్నం నుంచి వచ్చిన మొదటి రంగంలో సినిమా తెలుగు, చెరువు గట్టు మీద నిలబడినప్పుడు మన తెలుగు. అది కుదిరిందో లేదో చూసినవాళ్ళు చెప్పాలి. దొంగ దగ్గర ఆగిపోయాను. వాడికి కోస్తా తెలుగు ఇస్తే అక్కడివాళ్ళని దొంగలన్నట్టు అవుతుంది. మన మాటే ఉంచితే అవ్వ మళ్ళీ అడుగుతుంది. అవ్వనే అడిగాను. "వాడూ మన ఊరోడే గదా, వాణ్ణి యాడికి తరుముతావు? మన మాటే మాట్లాడనీ. ఇప్పుడు వాడొక్కడే కాదు గదా" అంది. దొంగ వేషం వేసేవాడు మాత్రం ఒప్పుకోవడం లేదు. అందరూ అదే మాట మాట్లాడితే తన డైలాగుకి ఎవరూ నవ్వరంటాడు.